హోంగార్డు డ్యూటీ: తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కొత్తగా చేరేవాళ్లకు

ఖాకీ బట్టల్లో నిలబడితే హోంగార్డునూ కానిస్టేబుల్‌నూ జనం వేరుగా చూడరు. చట్టం మాత్రం చూస్తుంది. హోంగార్డు స్వచ్ఛంద సేవకుడు. పిలిచినప్పుడు వస్తాడు, చేసిన రోజుకు భత్యం తీసుకుంటాడు. చేరేముందే ఈ తేడా మనసుకు పట్టించుకోవాలి. లేకపోతే మొదట ఇంటి లెక్కల్లో ఇబ్బంది, ఆ తర్వాత రోడ్డు మీద తగాదా తప్పవు.

దళం పుట్టింది 1946 డిసెంబరులో, బొంబాయిలో. అక్కడి మతఘర్షణలను అదుపు చెయ్యడానికి పోలీసులకు తోడుగా ఊరివాళ్లనే కూడగట్టారు. ఏటా డిసెంబరు 6న ఆవిర్భావ దినం జరిపేది అందుకే. చిత్తూరు జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మన దగ్గర హోంగార్డులకు ఆధారమైన చట్టం కూడా 1948 నాటిదే. 1962లో చైనాతో యుద్ధం వచ్చాక, రాష్ట్రాల్లో రకరకాల పేర్లతో ఉన్న స్వచ్ఛంద దళాలన్నింటినీ ఒకే తీరులో హోంగార్డులుగా కలపమని కేంద్రం చెప్పింది. విధానం, సలహా కేంద్ర హోంశాఖవి. మనుషులను తీసుకోవడం, నడపడం రాష్ట్రం పని. అంటే హోంగార్డు రాష్ట్రం మనిషే. దళం పోలీసు శాఖను అంటిపెట్టుకుని ఉంటుంది.

జిల్లాలో పెద్ద ఎస్పీ. రోజువారీ పిలుపు, డ్యూటీల పంపకం, పరేడ్ హోంగార్డ్స్ విభాగం చూసే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉంటాయి. మనం ఆర్‌ఐ గారు అనేది ఆయన్నే. లోపల కంపెనీలు, ప్లటూన్లు. స్టేషన్‌కు పంపితే పని చెప్పేది అక్కడి ఎస్‌ఐ. అయినా సెలవు, భత్యం, బదిలీ విషయాలు ఆర్‌ఐ ఆఫీసులోనే తేలతాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది కాబట్టి మీ మండలం ఇప్పుడు ఏ జిల్లా కింద ఉందో చూసుకుని ఆ జిల్లా పోలీసు కార్యాలయానికే వెళ్లండి.

చేరే పద్ధతి ప్రకటనను బట్టి మారుతుంది. ఒక కొలమానం కావాలంటే 2025లో ఆంధ్రప్రదేశ్ సీఐడీ ఇచ్చిన ప్రకటన చూడండి. 28 మంది బి-కేటగిరీ, అంటే సాంకేతిక పనుల హోంగార్డులు కావాలన్నారు. వయసు 18 నుంచి 50 ఏళ్లు, ఇంటర్ పాస్, కంప్యూటర్ పరిజ్ఞానం, డ్రైవింగ్ లైసెన్సు అడిగారు. ఎత్తు మగవాళ్లకు 160 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 150. భత్యం రోజుకు 710 రూపాయలు. మార్కుల జాబితాలు, నివాస, కుల ధ్రువపత్రాలు, లైసెన్సు, ఫొటోలు ముందే ఒక ఫైల్లో పెట్టుకోండి. పాత పోలీసు కేసు ఏదైనా ఉంటే దాచొద్దు. విచారణలో అది బయటపడుతుంది, అప్పుడు కేసు కన్నా దాచిన సంగతే ఎక్కువ చెరుపు చేస్తుంది. డబ్బిస్తే పోస్టు ఇప్పిస్తామని వచ్చే దళారులకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఇక ఇంటి లెక్క. 710 చొప్పున ముప్పై రోజులూ డ్యూటీ పడితే 21,300. డ్యూటీ పడని రోజుకు భత్యం రాదు. హోంగార్డులు రెగ్యులర్ ఉద్యోగులు కారని 2015 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో, నెలకు ముప్పై రోజుల భత్యం కలిపితే పోలీసు కానిస్టేబుల్ కనీస వేతనానికి తగ్గకూడదనీ చెప్పింది. ఈ రెండో మాట ప్రతి హోంగార్డుకూ తెలిసి ఉండాలి. కానిస్టేబుల్ నియామకాల్లో హోంగార్డులకు కోటా ఉంది. వయసులో ఉన్నవాళ్లు పరీక్షకు చదువుతూనే డ్యూటీ చెయ్యడం మంచిది.

అధికారం సంగతి సూటిగా చెప్పుకోవాలి. చట్టం మీ వెనక నిలబడేది డ్యూటీకి పిలిచినప్పుడే. సెలవు రోజు ఖాకీ వేసుకుని బండ్లు ఆపకూడదు. డ్యూటీలో ఉన్నా జరిమానా రాయడం, బండి తాళం లాగేసుకోవడం మీ పని కాదు. బండి నంబరు రాసుకుని ఎస్‌ఐకి చెప్పండి. లీలామహల్ కూడలిలోనో ఆర్టీసీ బస్టాండు దగ్గరో జరిగే గొడవల్లో చాలావాటికి మూలం ఈ గీత దాటడమే.

జనాన్ని కాయడం

తిరుపతిలో హోంగార్డుకు అసలు పరీక్ష బందోబస్తు. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడసేవ, తిరుచానూరు పంచమీతీర్థం, గంగమ్మ జాతర, అటు శ్రీకాళహస్తి శివరాత్రి, కాణిపాకం ఉత్సవాలు. అన్నిచోట్లా సూత్రం ఒకటే: తోపులాట వెనక పుడుతుంది, ప్రాణం ముందు పోతుంది. వెనకున్నవాడికి ముందేం జరుగుతోందో కనబడదు. వరుస కదిలిందనుకుని ఒక అడుగు వేస్తాడు. అలాంటి వందల అడుగుల బరువంతా ముందువాళ్ల ఛాతీ మీద పడుతుంది. చాలామంది చనిపోయేది కాళ్ల కింద నలిగి కాదు, నిలబడే ఊపిరాడక.

డ్యూటీ టైముకు గంట ముందే చేరుకుని మీకు అప్పగించిన చోటు మొత్తం నడిచి చూడండి. గేటు ఏ వైపు తెరుచుకుంటుంది, తాళం ఎవరి దగ్గర ఉంది, 108 ఎక్కడ ఆగింది, స్ట్రెచర్ ఏ దారిలో వెళ్లాలి అన్నవి నోట్‌బుక్‌లో రాసుకోండి. విజిల్, టార్చి, నీళ్ల సీసా, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు జేబులో, సంచిలో ఉండాలి.

గుంపు ఎంత చిక్కగా ఉందో కంటితోనే లెక్కకట్టవచ్చు. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చోటును మనసులో గీసుకుని తలలు లెక్కపెట్టండి. నలుగురికి చేరగానే వెనక నుంచి వచ్చేవాళ్లను ఆపించాలి. ఐదుగురు దాటితే ప్రమాదం మొదలైనట్టే. ఆరేడుగురైతే ఎవరూ తొయ్యకపోయినా గుంపు మొత్తం వరిచేను గాలికి ఊగినట్టు ఊగుతుంది. అప్పటికి హోంగార్డు చేతిలో చెయ్యగలిగింది పెద్దగా మిగలదు. అంతకుముందే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. జనం చేతులు ఛాతీకి అడ్డం పెట్టుకుంటారు, పిల్లలను తలల మీదికి ఎత్తుతారు, మాటలు ఆగి అరుపులు వినబడతాయి. వెంటనే సెక్టార్ ఎస్‌ఐకి చెప్పండి.

గేటు తెరవడానికి ఒక క్రమం ఉంది. ముందు వెనకవాళ్లను ఆపాలి. తర్వాత మైకులో చెప్పాలి. ఆ తర్వాతే తెరవాలి, కొద్దికొద్దిమందిని వదలాలి. వదిలినవాళ్లు తర్వాతి మలుపు దాటాకే రెండో విడత. 2025 జనవరి 8 రాత్రి బైరాగిపట్టెడలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వేచి ఉన్న జనం మధ్య, ఒంట్లో బాగాలేని మహిళను బయటికి తీసుకురావడానికి గేటు తెరిచారు. టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం ఒక్కసారిగా కదిలారు. ఆరుగురు చనిపోయారు. అందుకే రోగిని తీసుకెళ్లే దారి, వరుసను వదిలే దారి ఎప్పుడూ ఒకటి కాకూడదు. పక్కన వేరే దారి లేకపోతే ఆ సంగతి మొదటి గంటలోనే పై అధికారికి చెప్పి రాయించండి.

తాడు పట్టినప్పుడు నడుము ఎత్తులో పట్టుకోండి. చివరలను స్తంభానికి కట్టెయ్యొద్దు, వదలాల్సిన క్షణంలో ముడి విప్పలేరు. లాఠీని అడ్డంగా పెట్టి నెట్టొద్దు, ఎదుటివాడి ఛాతీకి తగిలి ఉన్న ఊపిరీ ఆగుతుంది. ఎవరైనా పడిపోతే ముందు ఎత్తబోకండి. వెనక వైపు ముగ్గురు నలుగురు చేతులు కలిపి గోడలా నిలబడాలి, అప్పుడు ఎత్తాలి. ఊపిరి లేకపోతే 108కి చెప్పించి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కుతూ ఉండండి.

పంచమీతీర్థంలో చిక్కు వేరు. అందరూ ఒకే ఘడియలో పుష్కరిణిలో మునగాలంటారు. తీర్థ ఫలం ఆ రోజంతా ఉంటుందని మైకులో పదేపదే చెప్పించడం లాఠీ కన్నా బాగా పనిచేస్తుంది. పెరటాసి అనే తమిళ నెల శనివారాల్లో తమిళులు ఎక్కువ. ‘తళ్ళాదీంగ’ (తొయ్యకండి), ‘నిధానమా పోంగ’ (నిదానంగా వెళ్లండి) అన్న రెండు మాటలు నోటికి వస్తే చాలు, సగం అలజడి తగ్గుతుంది. నిదానంగా వెళ్లమనడానికి కన్నడిగులకు ‘నిధానవాగి హోగి’.

చెరువు కట్ట మీద

2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి రాత్రి కట్టమీద కాపలాకు ఒంటరిగా వెళ్లకూడదు, ఇద్దరేసి తిరగాలి. టార్చి నీళ్ల వైపు కాకుండా కట్ట బయటి అడుగున వెయ్యండి. ఎలుక బొరియలు, ఎండ్రకాయల బొక్కలు, తూము పక్కన తడి కనబడతాయి. ఊట తేటగా వస్తే గుర్తుపెట్టి గమనిస్తూ ఉండాలి. బురదగా వస్తే కట్టలోని మన్ను కొట్టుకుపోతోందని అర్థం. వెంటనే ఇంజనీర్లకు, తహసీల్దారుకు కబురు, కింది ఊళ్లో మైకు.

బురద ఊటను బలవంతంగా మూసెయ్యొద్దు, నీళ్లు పక్కన ఇంకో దారి వెతుక్కుంటాయి. దాని చుట్టూ ఇసుక బస్తాలతో బావి వరలా కట్టి, లోపల నీటి మట్టం పెరగనివ్వాలి. తేట నీళ్లు వచ్చేదాకా ఎత్తు పెంచుకుంటూ పోవాలి. బస్తాను సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే నింపండి. నిండుగా నింపితే బస్తాల మధ్య సందులు మిగులుతాయి. మూతి కిందికి మడిచి, ఇటుక వరసల్లా అతుకు మీద అతుకు రాకుండా పేర్చి, ప్రతి వరసనూ కాలితో తొక్కాలి. మొరవ, అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి, పోతుంటే దానికి అడ్డంగా ఏమీ వెయ్యకూడదు.

స్వర్ణముఖి కాజ్‌వేల దగ్గర కాపలా ఉంటే లెక్క ఇది: వడిగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే మనిషి కాలు తప్పుతాడు, 30 ఉంటే చిన్న కారు తేలుతుంది, 60 ఉంటే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. ఒక కర్రకు ఈ మూడు గీతలు గీసి నీళ్లలో పాతండి. నోటితో వద్దన్నప్పుడు వినని డ్రైవరు గీత చూశాక బండి వెనక్కి తిప్పుతాడు.

డ్యూటీ దిగేటప్పుడు మూసి ఉన్న గేట్లు, తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి, ఊట ఎక్కడ కనబడింది, ఎవరిని ఏ ఆసుపత్రికి పంపారు అన్నది టైముతో సహా రాసి, వచ్చినవాడి చేత సంతకం పెట్టించుకోండి. మీ హాజరు కూడా ఆ పుస్తకంలోనే పడిందో లేదో చూసుకున్నాకే బయల్దేరండి. నెలాఖరున భత్యం లెక్క తేడా వస్తే చూపించడానికి మీ చేతిలో ఉండేది ఆ పేజీ ఒక్కటే.