అమెరికాలో పెట్రోలు: రాష్ట్రానికో రేటు, రోడ్డుకో రేటు (మన సీమ నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు)

కర్నూలు, అనంతపురం, కడప నుంచి చదువుకో ఉద్యోగానికో అమెరికా వచ్చిన పిల్లలు కారు కొన్న వారంలోనే అడిగే మాట ఒకటుంది. "అన్నా, టెక్సస్‌లో, డాలస్‌లో ఉన్న మా క్లాస్‌మేట్ మాకంటే గ్యాలన్‌కి (నాలుగు లీటర్లకి కాస్త తక్కువ) డాలరున్నర తక్కువకి కొట్టిస్తున్నాడంట, ఇక్కడ కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో మమ్మల్నేమన్నా మోసం చేస్తున్నారా?" మోసమేం లేదు. అమెరికా మొత్తానికి ఒకే పెట్రోలు రేటు అనేది లేదు, అంతే. వార్తల్లో చెప్పేది దేశం సగటు, ఆ రేటుకి మీ వీధి చివర బంకులో దొరకాలని ఎక్కడా లేదు.

అసలు ఇది మనకు కొత్తేమీ కాదు. అనంతపురం నుంచి బెంగళూరుకి కార్లో పోయేవాళ్లు పెనుకొండ దగ్గర ట్యాంకు ఫుల్ చేయించరు, కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి వచ్చేదాకా ఓపిక పడతారు. బళ్లారి వైపు పోయే లారీలదీ అదే లెక్క. ఆంధ్రాలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకి 4 రూపాయలు, ఇంకా రోడ్డు సెస్సు ఒక రూపాయి, ఇవన్నీ కలిసేసరికి కర్ణాటక కంటే లీటరుకి ఆరేడు రూపాయలు ఎక్కువ పడుతూ వచ్చింది. కర్నూలు వాళ్లకి ఆ అదృష్టం కూడా లేదు, తుంగభద్ర దాటి అలంపూర్ చౌరస్తాకి పోయినా తెలంగాణ వ్యాట్ 35.2 శాతం కాచుకుని ఉంటుంది.

తేడా ఎక్కడంటే, మన దగ్గర రేటు పెద్దగా మారేది బార్డరు దగ్గరే. ఒక ఊళ్లో ఇండియన్ ఆయిల్, హెచ్‌పీ, భారత్ బంకులు మూడింటికీ తిరిగినా తేడా పైసల్లోనే ఉంటుంది, ఎందుకంటే రేటు ఆ కంపెనీలే పంపిస్తాయి. 2017 జూన్ 16 నుంచి రోజూ పొద్దున ఆరింటికి మారుతుందని పేరు, నెలల తరబడి కదలకుండా ఉండటం మనం చూస్తున్నదే. కువైట్‌లో ఉండి వచ్చిన రాజంపేట, రాయచోటి వాళ్లయితే ఈ గొడవే ఎరగరు, అక్కడ ప్రభుత్వం చెప్పిందే రేటు, దేశమంతా ఒకటే. అమెరికాలో మాత్రం బంకు ఓనరు ఇష్టం. పైన పెద్ద కంపెనీ బోర్డు ఉన్నా లోపల వ్యాపారం చాలాచోట్ల ఎవరో చిన్న వ్యాపారిది, మన గుజరాతీ ఆయనో పంజాబీ ఆయనో కూడా కావచ్చు. ఎదురు బంకువాడు రేటు తగ్గిస్తే ఈయన గంటలో తగ్గిస్తాడు, లేదా తగ్గించడు. పొద్దున ఆఫీసుకి పోయేటప్పుడు ఒక రేటు, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఇంకో రేటు కనపడితే కంగారు పడొద్దు.

ఇక రాష్ట్రాల మధ్య అంత తేడా ఎందుకన్నది. మొదటిది పన్ను. కేంద్రం తీసుకునేది గ్యాలన్‌కి 18.4 సెంట్లు, 1993 నుంచి అదే, ఒక్క సెంటు పెరగలేదు (ఇండియాలో అయితే ఇది నమ్మరు). రాష్ట్రాల దగ్గరే ఆట మొదలవుతుంది. టెక్సస్ 1991 నుంచి 20 సెంట్ల దగ్గరే ఆగింది. అలాస్కాలో 9 సెంట్లు కూడా లేదు. కాలిఫోర్నియాలో ఒక్క ఎక్సైజే 60 సెంట్ల పైన, అది కూడా ఏటా జూలై 1న సవరిస్తారు, దానిమీద అమ్మకపు పన్ను, కాలుష్యం తగ్గించే పథకాల ఖర్చు వేరే. పెన్సిల్వేనియాలో 50 సెంట్లు దాటింది. షికాగోలో ఇంకా తమాషా, రాష్ట్రం, కౌంటీ, సిటీ ఎవరి వాటా వాళ్లు వేసుకుంటారు, అందుకే ఆ వైపు ఉండేవాళ్లు ఇండియానాలో పనిపడితే ట్యాంకు అక్కడే నింపుకుని వస్తారు.

రెండోది, చాలామంది పట్టించుకోనిది, పెట్రోలు ఎక్కడ తయారై ఏ దారిన వస్తోందన్నది. దేశంలో ఉన్న రిఫైనరీ సామర్థ్యంలో సగం దాకా టెక్సస్, లూసియానా తీరంలోనే ఉంది. హ్యూస్టన్ పక్కన ఉన్నవాడికి చౌకగా దొరకడంలో వింతేముంది. అక్కడి నుంచి తూర్పు రాష్ట్రాల మీదుగా న్యూజెర్సీ దాకా కలోనియల్ పైప్‌లైన్ పోతుంది, అట్లాంటా, షార్లెట్, రాలీల్లో ఉండే మనవాళ్లు ఎక్కువగా ఆధారపడేది దానిమీదే. 2021 మేలో ఆ కంపెనీ కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగి పైప్‌లైన్ కొన్ని రోజులు ఆగిపోయింది, జార్జియా, కరొలైనాల్లో బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు. నిజంగా అయిపోయిన పెట్రోలు కంటే భయంతో జనం నింపుకున్నదే ఎక్కువ. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను హ్యూస్టన్ రిఫైనరీలను ముంచినప్పుడు డాలస్‌లో కూడా ఇదే సీను. కాబట్టి జూన్ నుంచి నవంబర్ దాకా తుఫాను సీజన్లో గల్ఫ్ తీరం వైపు ఏదైనా పెద్దది వస్తోందని వింటే ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకోండి, అంతకు మించి డబ్బాల్లో నింపి అపార్ట్‌మెంట్లో పెట్టుకునే పని మాత్రం చేయొద్దు, ప్రమాదం.

కాలిఫోర్నియా కథ పూర్తిగా వేరు. రాకీ పర్వతాల అవతలి నుంచి అక్కడికి చెప్పుకోదగ్గ పైప్‌లైన్ లేదు, పెట్రోలు విషయంలో అది దాదాపు ఒక ద్వీపం. దానికి తోడు పొగమంచు కాలుష్యం తగ్గించడానికి 1996 నుంచి ఆ రాష్ట్రం తనకంటూ ప్రత్యేకమైన పెట్రోలే అమ్మాలంటుంది, అది తయారుచేసే రిఫైనరీలు కొన్నే, అవి కూడా ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఒకదాంట్లో అగ్నిప్రమాదం జరిగినా, రిపేరుకి ఆపినా, మర్నాడే బోర్డు మీద అంకెలు మారతాయి, పక్క రాష్ట్రం నుంచి తెప్పించుకుందామంటే ఆ రకం వాళ్ల దగ్గర ఉండదు. లాస్ వేగస్ ఇంకో రాష్ట్రంలో ఉన్నా పెట్రోలు ఎక్కువగా కాలిఫోర్నియా నుంచే పైపులో రావాలి, అందుకని అక్కడ కూడా మరీ చౌక ఆశించొద్దు.

ఎండాకాలం రేటు పెరగడానికి కూడా కారణం ఉంది, అది టూరిస్టుల రద్దీ ఒక్కటే కాదు. వేడికి తొందరగా ఆవిరైపోయే పెట్రోలు గాలిని పాడుచేస్తుందని, జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా తక్కువ ఆవిరయ్యే రకమే బంకుల్లో అమ్మాలని రూలు. దాని తయారీ ఖర్చు ఎక్కువ. ఆ మార్పు పనులు వసంతంలోనే మొదలవుతాయి కాబట్టి మార్చి, ఏప్రిల్ నుంచే రేటు పైకి పాకుతుంది, దసరా వచ్చేసరికి మామూలుగా దిగుతుంది. ఆగస్టులో దిగిన స్టూడెంట్లు చూసేది ఆ ఎక్కువ రేటునే, దాన్ని పట్టుకుని ఏడాది బడ్జెట్ వేసుకుని బెంగపడొద్దు.

సరే, ఇప్పుడు చేతిపని. రేటు బోర్డు మీద 3.29 పక్కన చిన్నగా 9/10 అని ఉంటుంది, అంటే 3.30 అనుకోండి. గ్యాలన్ అంటే 3.785 లీటర్లు, లెక్క కోసం నాలుగుతో భాగిస్తే లీటరు రేటుకి దగ్గరగా వస్తుంది. కొన్ని బంకుల్లో పెద్ద అక్షరాల్లో ఉన్నది క్యాష్ రేటు, కార్డు గీకితే పది సెంట్లో ఇంకా ఎక్కువో పడుతుంది, ఆ మాట బోర్డు మీద చిన్నగా రాసుంటుంది, గీకే ముందు పంపు తెర మీద రేటు చూడండి.

కార్డు పెట్టగానే పంపు చాలాచోట్ల అయిదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) అడుగుతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న కార్డుకి జిప్ ఉండదు, మన 515001 కొట్టి లాభం లేదు, దానికి ఆరంకెలు. లోపలికి పోయి కౌంటర్లో "పంప్ నంబర్ ఫోర్, ట్వంటీ డాలర్స్" అని ముందే కట్టేయండి, ఇరవై డాలర్లు కాగానే పంపు అదే ఆగుతుంది. స్టూడెంట్లు ఇంకొకటి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి: డెబిట్ కార్డు పంపు దగ్గర వాడితే మీరు ముప్పై డాలర్లకే కొట్టించినా బంకువాళ్లు వంద డాలర్లు, కొన్నిచోట్ల 175 దాకా, అకౌంట్లో పట్టి ఉంచుతారు, అది వదలడానికి గంటలు పట్టొచ్చు, ఒకటి రెండు రోజులూ పట్టొచ్చు. అకౌంట్లో రెండొందలే ఉన్నప్పుడు, మర్నాడు ఫోన్ బిల్లు కట్ అయ్యేది ఉంటే అనవసరమైన టెన్షన్. అలాంటప్పుడు కూడా లోపలికి పోయి కట్టడమే మేలు.

న్యూజెర్సీలో మాత్రం కారు దిగొద్దు. అక్కడ కస్టమర్ తనే కొట్టుకోవడం చట్టప్రకారం కుదరదు, 1949 నుంచి అదే రూలు, బంకు కుర్రాడే వచ్చి మన ఊళ్లో లాగా కొడతాడు. "రెగ్యులర్, ఫుల్" అంటే చాలు. ఆరెగన్‌లో కూడా చాలా ఏళ్లు ఇంచుమించు ఇలాగే ఉండేది, 2023లో సడలించారు.

ఏ రకం కొట్టించాలి? మూడు బటన్లుంటాయి: 87, 89, ఇంకా 91 లేదా 93. ఇవి ఆక్టేన్ అంకెలు, అంటే ఇంజిన్లో పెట్రోలు ముందుగానే మండిపోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పేవి. మన దగ్గర 91 ఆక్టేన్ అలవాటు కదా అని ఇక్కడ 91 నొక్కి గ్యాలన్‌కి అరవై, డెబ్బై సెంట్లు ఎక్కువ కట్టే పిల్లలున్నారు. లెక్క కట్టే పద్ధతి వేరు, ఇండియా లెక్కలో 91 అంటే ఇక్కడి 87కి దగ్గర. కారు మాన్యువల్లో ప్రీమియం తప్పనిసరి అని రాసి ఉంటే తప్ప 87 చాలు, సెకండ్ హ్యాండ్ కరోలాకీ సివిక్‌కీ అంతకు మించి అక్కర్లేదు. పసుపు రంగు పిడి ఉన్న ఈ85 (ఇథనాల్ బాగా ఎక్కువ కలిపిన రకం) జోలికి పోవద్దు, దానికి తగ్గ ఇంజిన్ ఉండాలి. ఆకుపచ్చ పిడి చాలాచోట్ల డీజిల్, కానీ కొన్ని బంకుల్లో పెట్రోలుకే ఆకుపచ్చ పెడతారు, కాబట్టి రంగు నమ్మకుండా చదివి కొట్టండి.

చౌకగా కావాలంటే కాస్ట్‌కో, శామ్స్ క్లబ్ బంకులు మామూలుగా ఊళ్లో అందరికంటే తక్కువ. మెంబర్‌షిప్ ఉండాలి, కాస్ట్‌కోలో క్యాష్ తీసుకోరు, శనివారం మధ్యాహ్నం క్యూ చూస్తే మాత్రం తిరుపతి గుర్తొస్తుంది. క్రోగర్‌లో సరుకులు కొనేవాళ్లకి ప్రతి వంద పాయింట్లకీ గ్యాలన్ మీద పది సెంట్లు తగ్గుతుంది, నలుగురు రూమ్మేట్లు ఒకే నంబరు మీద సరుకులు కొంటే పాయింట్లు తొందరగా పోగవుతాయి. గ్యాస్‌బడ్డీ యాప్‌లో చుట్టుపక్కల రేట్లన్నీ కనపడతాయి. వాడండి, కానీ దానికి బానిసలు కావొద్దు. పది సెంట్లు తక్కువని అయిదు మైళ్లు అవతలికి పోయారనుకోండి, పన్నెండు గ్యాలన్లకి మిగిలేది డాలరూ ఇరవై సెంట్లు, గ్యాలన్‌కి 25 మైళ్లిచ్చే కారు పోనూ రానూ పది మైళ్లకి తాగేది కూడా అంతే. ఆఫీసు దారిలో ఉన్న రెండు మూడు బంకుల్లో ఏది తక్కువో చూసుకుంటే చాలు.

రెండు ఊళ్లలో ఉద్యోగం ఆఫర్ వచ్చి ఏది తీసుకోవాలో తేల్చుకోలేనివాళ్లు పెట్రోలు రేటు చూసి బే ఏరియా (శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, ఫ్రీమాంట్ ఉండేది అక్కడే) వద్దనుకోవడం నాకైతే అర్థం కాదు. అదే 25 మైళ్లిచ్చే కారులో ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే 480 గ్యాలన్లు, గ్యాలన్‌కి డాలరున్నర తేడా ఉన్నా ఏడాదికి 720 డాలర్లు. అక్కడి అద్దె తేడా ఒక్క నెలలోనే దీన్ని మింగేస్తుంది, లెక్క వేయాల్సింది అద్దె, రాష్ట్ర ఆదాయపు పన్ను, ఇన్సూరెన్స్. పైగా డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు తీసుకుని రోజూ ఫోర్ట్ వర్త్ పోయొచ్చేవాడికి చౌక పెట్రోలు వల్ల ఒరిగేదేముంది, తిరిగే దూరం రేటును తినేస్తుంది. ఇల్లు చూసేటప్పుడు ఆఫీసు ఎంత దూరమో చూడండి.

బార్డరు తెలివి మాత్రం ఇక్కడ కూడా పనికొస్తుంది. ఫీనిక్స్ వైపు నుంచి ఐ-10 హైవే మీద లాస్ ఏంజిలిస్ పోయేవాళ్లు కొలరాడో నది దాటకముందే, అరిజోనా ఒడ్డున ఎరెన్‌బర్గ్‌లో నింపుకుంటారు, అదే వాళ్ల బాగేపల్లి. ఎడారిలో, నేషనల్ పార్కుల దగ్గర ఒక్కటే బంకు ఉన్నచోట అడిగినంత ఇవ్వాల్సిందే, కాబట్టి వేగస్ నుంచి డెత్ వ్యాలీ లాంటి చోటికి బయలుదేరేముందు ఊళ్లోనే ఫుల్ చేసుకోండి. అద్దె కారు తీసుకున్నప్పుడు "పెట్రోలుకి ముందే కట్టేయండి, ఖాళీగా తెచ్చినా పర్వాలేదు" అంటారు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి తిరిగిచ్చేవాళ్లు ఎవరూ ఉండరు, మిగిలిన పెట్రోలు వాళ్లకే, వద్దనండి. నింపి ఇచ్చే పద్ధతి తీసుకుని, ఎయిర్‌పోర్ట్ గేటు పక్క బంకులో కాకుండా నాలుగైదు మైళ్ల ముందే కొట్టించి, రసీదు ఫోటో తీసి పెట్టుకోండి, ఖాళీగా ఇచ్చారని తర్వాత బిల్లు వేస్తే చూపించడానికి.