షేర్ మార్కెట్లో డబ్బు పెట్టే ముందు: మీ వ్యవధికీ స్వభావానికీ తగిన పద్ధతి

మార్కెట్లోకి కొత్తగా వచ్చేవారు ఏ షేరు కొనాలని అడుగుతారు. ఆ డబ్బుతో మళ్లీ ఎప్పుడు పని పడుతుందో, దాన్ని చూసుకోవడానికి తీరిక ఎంత ఉందో, విలువ పడిపోయినప్పుడు తాము నిలబడగలరో లేదో అంతకన్నా ముందే తేల్చుకోవాలి.

2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ (ముప్ఫై పెద్ద కంపెనీల షేర్ల ధరల సూచీ) 2009 మార్చి నాటికి దాదాపు 8,000 స్థాయికి పడిపోయింది. మళ్లీ 21,000 చేరడానికి 2010 నవంబరు దాకా పట్టింది. అన్నాళ్లూ ఆగగలిగినవారికి కోలుకునే అవకాశం దొరికింది గానీ, ఆ మార్చిలోనే కూతురి పెళ్లికో కాలేజీ ఫీజుకో అమ్ముకోవలసి వచ్చినవారికి అది శాశ్వత నష్టమే. అందువల్ల ఐదేళ్లలోపు అవసరపడే సొమ్మును షేర్లలో గానీ ఈక్విటీ ఫండ్లలో (షేర్లలో మదుపు చేసే మ్యూచువల్ ఫండ్లు) గానీ పెట్టవద్దు. దానికి బ్యాంకు డిపాజిట్లు, పోస్టాఫీసు పథకాలు ఉన్నాయి. ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల దాకానే బీమా ఉంటుంది కనుక పెద్ద మొత్తాన్ని రెండు మూడు బ్యాంకుల్లో సర్దుకోవడం మేలు. పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) భద్రమైనదే అయినా దాని గడువు 15 ఏళ్లు కనుక త్వరలో అవసరపడే సొమ్ముకు తగదు. క్రెడిట్ కార్డు బాకీ ఉన్నవారు మాత్రం మదుపు ఆలోచన పక్కనపెట్టి ముందు దాన్ని తీర్చాలి.

తీరిక విషయంలోనే ఎక్కువమంది తమను తాము మోసగించుకుంటారని నా అభిప్రాయం. మార్కెట్ ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు నడుస్తుంది. అంటే ఉద్యోగి తన పనిలో ఉండవలసిన వేళలోనే. పాఠం చెబుతూనో, కౌంటర్లో కూర్చునో ఫోన్‌లో ఇంట్రాడే (కొన్న షేర్లను అదే రోజు అమ్మేయడం) చేసేవారు రెంటికీ న్యాయం చేయలేరు. ఇక షేర్ల ధరలు ముందుముందు ఎటు కదులుతాయన్నదానిపై చేసుకునే ఒప్పందాలైన ఫ్యూచర్స్, ఆప్షన్ల సంగతి మరీ ప్రమాదకరం. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ల లావాదేవీలను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పరిశీలించగా, వీటిలో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయినట్లు తేలింది. టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో చూపించే లాభాల స్క్రీన్‌షాట్‌ను ఈ అంకె పక్కన పెట్టి చూడండి. నెలకు ఒక గంట మాత్రమే కేటాయించగలిగినవారికి సెన్సెక్స్ వంటి సూచీలోని షేర్లనే కొనే ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా సిప్ (నిర్ణీత మొత్తం కడుతూ పోయే పద్ధతి) చాలు. కంపెనీల వార్షిక నివేదికలు ఓపికగా చదివే అలవాటున్నవారు నేరుగా షేర్లు కొనవచ్చు; అదీ మొత్తం మదుపులో చిన్న భాగంతోనే మొదలుపెట్టాలి.

స్వభావాన్ని ముందే అంచనా వేయడం కష్టం. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులోనే 13 శాతం పడింది. అప్పటికే మదుపు చేసి ఉన్నవారు ఆ వారంలో ఏం చేశారో గుర్తుచేసుకుంటే చాలు, భయపడి అమ్మేశారా, సిప్ ఆపేశారా, కదలకుండా ఉన్నారా అన్నది ఏ ప్రశ్నావళి కన్నా స్పష్టంగా చెబుతుంది. కొత్తవారు నష్టాన్ని శాతాల్లో కాక రూపాయల్లో ఊహించుకోవాలి: పది లక్షల్లో మూడు లక్షలు తగ్గితే అది మీకు ఎన్ని నెలల జీతం? ఆ ఊహకే నిద్ర పట్టదనిపిస్తే సగం డిపాజిట్లలో, సగం ఫండ్లో ఉంచండి. రాబడి కొంత తగ్గినా మధ్యలో పారిపోకుండా ఉంటారు.

పదవీ విరమణ సొమ్ము అందుకున్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 60 ఏళ్లు నిండినవారు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షల వరకు పెట్టవచ్చు; ఇంటి ఖర్చుకు వచ్చే ఆదాయాన్ని ముందు అక్కడ సర్దుకుని, మిగిలినదాన్నే నెలనెలా కొంచెం కొంచెంగా ఈక్విటీకి మళ్లించాలి. షేర్లలో ఖాయమైన లాభం ఇస్తామన్నవారికి, తమ వ్యక్తిగత ఖాతాకు డబ్బు పంపమని అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. సలహాదారుడి రిజిస్ట్రేషన్ సంఖ్యను సెబీ వెబ్‌సైట్‌లో స్వయంగా సరిచూసుకోండి. డబ్బు కట్టేలోపు, అది ఎందుకోసం, ఏ సంవత్సరం దాకా, ఏ పరిస్థితిలో అమ్ముతారు అన్నవి ఒక కాగితం మీద రాసి భార్యకో భర్తకో చూపించండి. నామినీ పేరు కూడా అదే రోజు నమోదు చేయించండి.