ప్లగిన్ కొనే ముందు వాల్యూమ్ సమం చేసి వినండి

చెన్నైలో వడపళని, సాలిగ్రామం వైపు గదిలోనే మిక్సింగ్ చేసుకునే మనవాళ్లకు ఒక మాట. ప్లగిన్ అంటే మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్; దాని డెమో వేయగానే పాట మెరిసిపోయిందని వెంటనే కొనేయకండి. చాలా ప్లగిన్లు ఆన్ చేయగానే సౌండ్ కాస్త పెంచుతాయి. ఒక్క డెసిబెల్ పెరిగినా చెవికి బాగున్నట్టే ఉంటుంది. అవుట్‌పుట్ తగ్గించి, బైపాస్‌లో (అంటే ప్లగిన్ ఆపి ఉంచినప్పుడు) ఉన్న స్థాయికి తెచ్చి, కళ్లు మూసుకుని వినండి. తేడా తెలియకపోతే వదిలేయండి. ఈక్యూ (మంద్ర, తార శబ్దాలను పెంచి తగ్గించేది), కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించేది) మీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చినవే చాలు. సౌండ్ స్థాయిని బట్టి తనంతట తానే మారే డైనమిక్ ఈక్యూ కావాలా, టీడీఆర్ నోవా అనే ప్లగిన్ ఉచితంగానే దొరుకుతుంది. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది నాయిస్ తీసే ప్లగిన్‌కే. ఈ ఎండల్లో ఫ్యాన్ ఆపి ఎవరు పాడతారు చెప్పండి, ఆ హోరు గొంతులో కలిసిపోయాక ఈక్యూతో పూర్తిగా పోదు. అదైనా నవంబరులో బ్లాక్ ఫ్రైడే డిస్కౌంట్ల దాకా ఆగి తీసుకోండి.