సర్వర్ పడిపోయినా ఆగని ఆబ్జెక్ట్‌ను కట్టడం ఎలా?

ఆబ్జెక్ట్ అంటే డేటా, దానిమీద పనిచేసే మెథడ్లు కలిసిన ప్రోగ్రామ్ ముక్క. దాని కాపీలను వేర్వేరు మెషీన్లలో నడపాలి, సగానికి మించి బతికుంటే పని సాగుతుంది. అందుకు మెషీన్లు మూడు చాలు. ఒకటి పోతే మిగతా రెండు మెజారిటీ. నాలుగోది దండగ: నాలుగింటికి మెజారిటీ మూడు, కాబట్టి అప్పుడూ ఒక్కటి పోతేనే తట్టుకుంటుంది. రెండు పోయినా నిలవాలంటే ఐదు పెట్టండి. అన్నిటినీ ఒకే ర్యాక్‌లో, ఒకే కరెంటు లైన్ మీద మాత్రం పెట్టొద్దు.

వచ్చే రిక్వెస్టులను అన్ని రెప్లికాలకూ (ఆ కాపీలకు) ఒకే వరసలో చేర్చడానికి బాగా నలిగిన రాఫ్ట్ (మెషీన్లు ఒక లీడర్‌ను ఎన్నుకుని, అది పెట్టిన వరసను పాటించే పద్ధతి) లైబ్రరీ ఏదైనా తీసుకోండి, సొంతంగా రాయొద్దు. ఎలక్షన్ టైమౌట్‌ను (లీడర్ నుంచి కబురు రాకపోతే కొత్త ఎన్నికకు దిగేముందు ఆగే సమయాన్ని) 150–300 మిల్లీసెకన్ల మధ్య ర్యాండమ్‌గా ఉంచండి, నెట్‌వర్క్ నెమ్మదైతే పెంచండి. లాగ్ (రిక్వెస్టులను వరసగా రాసుకునే చిట్టా) ఎంట్రీ మెజారిటీ మెషీన్ల డిస్కుకు ఎఫ్‌సింక్ అయ్యాకే (మెమరీలో ఆగకుండా నిజంగా డిస్కులో పడ్డాకే) క్లయింట్‌కు జవాబు. వేగం కోసం ఎఫ్‌సింక్ తీసేస్తే కరెంటు పోయిన రోజున తెలిసొస్తుంది.

ఇక్కడిదాకా అందరూ వస్తారు. చెడగొట్టేది ఆ తర్వాతే.

వరస ఒకటైతే చాలదు, ఒకే ఇన్‌పుట్‌కు అన్ని రెప్లికాలూ ఒకే ఫలితానికి రావాలి. మెథడ్ లోపల గడియారం చూడకూడదు, ర్యాండమ్ నంబర్ తియ్యకూడదు, హ్యాష్ మ్యాప్‌లోని (కీ, విలువ జతల పట్టికలోని) అంశాలను అది ఇచ్చిన వరసలోనే వాడకూడదు, ఆ వరస మెషీన్‌ను బట్టి మారొచ్చు, థ్రెడ్లు పోటీపడకూడదు. టైమ్ కావాలంటే లీడరే దాన్ని లాగ్ ఎంట్రీలో రాసి పంపాలి. ప్రైమరీ (ముఖ్య మెషీన్) ఒక్కటే పనిచేసి స్టేట్‌ను (ఆబ్జెక్ట్‌లోని ప్రస్తుత విలువలను) మిగతావాటికి కాపీ పంపే పద్ధతిలో ఈ బెడద తక్కువే. కానీ స్టేట్ పెరిగేకొద్దీ నెట్‌వర్క్ మీద భారం పడుతుంది. అందుకే స్టేట్ పెద్దదైతే లాగ్ పద్ధతే మేలు.

అన్నిటికన్నా ప్రమాదం, ఈ ఆబ్జెక్ట్ బయటి సర్వీసును, ఉదాహరణకు పేమెంట్ సర్వీసును, పిలవడం. మూడు రెప్లికాలూ పిలిస్తే డబ్బు మూడుసార్లు కట్ అవుతుంది. లీడర్ ఒక్కటే పిలిచినా, పిలిచాక ఫలితం లాగ్‌లో పడకముందే అది చనిపోతే కొత్త లీడర్ మళ్లీ పిలుస్తుంది. అందుకే ఆ పిలుపుకు ఐడీ లాగ్ ఇండెక్స్ (లాగ్‌లో ఆ ఎంట్రీ వరస నంబర్) నుంచే పుట్టాలి, అప్పుడు రెండోసారీ అదే ఐడీ వెళ్తుంది. ప్రతి ప్రయత్నానికీ కొత్త యూయూఐడీ (తీసిన ప్రతిసారీ వేరుగా వచ్చే ఐడీ) తీస్తే అవతలివాళ్లు డూప్లికేట్‌ను గుర్తుపట్టలేరు.

మన వైపు కూడా అంతే, జవాబు అందని క్లయింట్ అదే రిక్వెస్ట్ మళ్లీ పంపొచ్చు. క్లయింట్ ఐడీ, సీక్వెన్స్ నంబర్, చివరి జవాబు ఉన్న టేబుల్ రెప్లికేటెడ్ స్టేట్‌లో భాగం కావాలి, స్నాప్‌షాట్‌లోనూ (పాత లాగ్‌కు బదులు దాచే స్టేట్ కాపీలోనూ) ఉండాలి. దాన్ని లీడర్ మెమరీలో వదిలేస్తే ఫెయిలోవర్ (లీడర్ పోయి కొత్తది రావడం) తర్వాత పాత రిక్వెస్ట్ కొత్తదిగా మళ్లీ నడుస్తుంది.

పరీక్షకు లీడర్‌ను కిల్ చెయ్యడం చాలదు, సిగ్‌స్టాప్‌తో (ప్రాసెస్‌ను చంపకుండా ఆపే సిగ్నల్‌తో) కాసేపు గడ్డకట్టించి మళ్లీ లేపండి. లేచినవాడు తానింకా లీడర్‌నే అనుకుని పాత విలువలు చదివిస్తాడు. అందుకే ప్రతి రీడ్‌కు ముందు మెజారిటీతో ఖాయం చేసుకోవాలి. ఒకే లాగ్ ఇండెక్స్ దగ్గర మూడు రెప్లికాల స్టేట్ హ్యాష్‌లు (స్టేట్ నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తులు) కూడా పోల్చండి. తేడా వస్తే ముందు గడియారాన్నీ హ్యాష్ మ్యాప్‌నూ అనుమానించండి.