పొద్దున్నే మొక్కల దగ్గర పావుగంట: ముందు చూడండి, తర్వాతే నీళ్లు

పొద్దున్నే మొక్కల దగ్గరికి వెళ్లేటప్పుడు నీళ్ల మగ్గు వెంట తీసుకెళ్లకండి. మొదటి చుట్టు ఖాళీ చేతులతోనే తిరగండి. మగ్గు చేతిలో ఉంటే కళ్లు కుండీలో మట్టి మీదే ఉంటాయి, వరసగా పోసుకుంటూ పోతాం, ఐదు నిమిషాల్లో పని అయిపోయిందనిపిస్తుంది, కానీ ఆకు కింద రాత్రికి రాత్రి పెట్టిన గుడ్లు, కొమ్మ చివర కొత్తగా వాలిపోయిన చిగురు, ఆకుల చాటున ముదిరిపోతున్న బెండకాయ, ఇవేవీ కనపడవు. పది కుండీలున్నా, రెండు మళ్లున్నా, కూరగాయలు పెంచడంలో సగం పని ఈ చూడడమే అని నా గట్టి నమ్మకం. మిగతా సగం పెద్ద కష్టం కాదు.

చుట్టు తిరిగాక నీళ్ల సంగతి. మట్టి పైన పొడిగా కనిపించిందని పోసేయకండి, పై పొర ఎప్పుడూ త్వరగా ఆరుతుంది. చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దింపండి. లోపల చల్లగా, తడిగా తగిలితే ఆ రోజు ఆ కుండీకి నీళ్లు వద్దు. పొడిగా ఉంటే అడుగు రంధ్రాల్లోంచి కొంచెం కారేదాకా నిదానంగా పోయండి. రోజూ పైపైన చిలకరిస్తే వేర్లు కూడా పైపైనే ఉండిపోతాయి, ఒక్క రోజు ఎండ గట్టిగా కాస్తే తట్టుకోలేవు. చిన్న కుండీలైతే కొంచెం పైకెత్తి చూసినా తెలిసిపోతుంది, నీళ్లున్న కుండీ బరువు వారం రోజుల్లో చేతికి అలవాటైపోతుంది.

మధ్యాహ్నం ఎండకు సొర, దోస, గుమ్మడి లాంటి పెద్దాకుల తీగలు వేలాడిపోవడం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు. సాయంత్రానికి అవే లేస్తాయి. తెల్లారేసరికి కూడా వాలిపోయే ఉంటేనే ఆలోచించాలి, అప్పుడు కూడా ముందు వేలు పెట్టి చూడాలి, ఎందుకంటే నీళ్లు తక్కువైనా మొక్క వాలుతుంది, ఎక్కువై వేరు కుళ్లినా వాలుతుంది. ఒకసారి నా మిరప మొక్క వాడిపోతోందని మూడు రోజులు పూటపూటకీ నీళ్లు పోశాను. నాలుగో రోజు పీకి చూస్తే వేర్లు గోధుమ రంగుకి తిరిగి, మెత్తగా, చేతికి ఊడి వచ్చాయి. అప్పటికి పూత మీద ఉన్న మొక్క అది. ఆ బాధతోనే వేలు పెట్టకుండా పోయకూడదనే నియమం పెట్టుకున్నాను.

నీళ్లు ఒక రోజు ఎక్కువ, రెండు రోజులు లేకుండా ఇలా ఉంటే దాని ఫలితం టమాటాలో తేలిగ్గా కనిపిస్తుంది. కాయ అడుగున నల్లగా, తోలులాగా మచ్చ పడుతుంది. చాలా మంది తెగులనుకుని మందులు కొడతారు కానీ అది తెగులు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. మట్టిలో కాల్షియం ఉన్నా దాన్ని పైకి మోసుకెళ్లేది నీళ్లే కాబట్టి, నీళ్లు సమంగా అందకపోతే అది కాయ దాకా చేరదు. ఎండి ఎండి ఉన్న మట్టికి ఒక్కసారిగా ఎక్కువ నీళ్లు తగిలితే పండే కాయలు పగులుతాయి కూడా. రెండింటికీ తేలికైన ఉపాయం, మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు పరచడం. కాండానికి మాత్రం తగలకుండా చుట్టూ కాస్త ఖాళీ వదలండి.

ఇక ఆకులు. పై భాగం చూస్తే చాలదు, తిప్పి చూడాలి. ఆకు రసం పీల్చే చిన్న పురుగులు, అంటే పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి అన్నీ ఆకు కిందో లేత చిగుళ్ల దగ్గరో మొదలవుతాయి. మొక్క మీద చీమలు బారులు తీరి ఎక్కుతుంటే వాటి వెంటే చూపు పోనివ్వండి, సాధారణంగా ఆ బారు పేనుబంక దగ్గరో పిండినల్లి దగ్గరో ఆగుతుంది, ఆ పురుగులు వదిలే తియ్యటి జిగురు కోసమే చీమలు అక్కడికి వస్తాయి. మొదట్లోనే చూస్తే వేళ్లతో తుడిచేయొచ్చు, లేదంటే పైపుతో నీళ్లు కొంచెం గట్టిగా కొట్టినా చాలావరకు రాలిపోతాయి. ముదిరితే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కొన్ని చుక్కల లిక్విడ్ సోప్. ఎండలో కొడితే ఆకులు మాడతాయి కాబట్టి సాయంత్రమే కొట్టాలి, ఆకుల అడుగు తడవాలి, వారానికోసారి చొప్పున రెండు మూడు సార్లు చేయాలి.

మిరపలో ఆకులు ముడుచుకుంటే ఎటువైపు ముడుచుకున్నాయో చూడండి. అంచులు పైకి లేచి దోనెలా అయితే అది తామర పురుగుల (త్రిప్స్ అనే సన్నటి పురుగులు) పని, కిందికి ముడుచుకుంటే నల్లి (మైట్స్, కంటికి సరిగా ఆనని పురుగులు). చూడగానే ఆ తేడా పట్టుకోగలిగితే సగం సమస్య తీరినట్టే. వంకాయ మొక్కలో మిగతా అంతా బాగుండి ఒక్క కొమ్మ చివరే వాలిపోయిందంటే లోపల పురుగు తొలుస్తోందని అర్థం. వాలిన చోటుకి రెండంగుళాలు కిందికి కత్తిరించి, ఆ ముక్కను చీల్చి చూస్తే గులాబీ రంగు చిన్న పురుగు కనిపిస్తుంది. ఆ ముక్కను కంపోస్ట్‌లో వేయకుండా నాశనం చేయండి, లేకపోతే ఆ పురుగు తర్వాత కాయల్లోకి చేరుతుంది.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి, కనిపించిన ప్రతి పురుగునీ చంపొద్దు. పేనుబంక మధ్యలో నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలి ఆకారంలో పాకుతూ ఏదైనా కనిపిస్తే దాన్ని వదిలేయండి. అది అక్షింతల పురుగు (లేడీబర్డ్) పిల్ల. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ పేనుబంకను ఒక్కొక్కటిగా తినేది అదే. నేనైతే అవి ఉన్న మొక్కకు వేపనూనె కూడా కొట్టను.

టమాటాకి రెండు పనులున్నాయి. పొడుగ్గా ఎదిగే రకమైతే ఆకుకీ కాండానికీ మధ్య సందులోంచి వచ్చే పక్క కొమ్మల్ని లేతగా ఉన్నప్పుడే వేళ్లతో గిల్లేయాలి, గుబురుగా పెరిగి ఆగిపోయే పొట్టి రకమైతే గిల్లకూడదు, గిల్లితే కాపే తగ్గుతుంది. జానెడు పొడవు ఎదిగాక తీసిన పక్క కొమ్మను పారేయకండి, తడి మట్టిలో గుచ్చి నీడలో పెడితే వారం పది రోజుల్లో వేర్లు పట్టి ఇంకో మొక్కవుతుంది, ఖర్చు లేకుండా వచ్చిన ఆ మొక్క మొదటి చిగురు వేసినప్పుడు కలిగే సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు. రెండో పని, పూత గుత్తుల్ని పొద్దున ఎండ కాస్త ఎక్కాక వేలితో మెల్లగా తట్టడం. టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఒకదాంట్లోనే ఉంటాయి, కదిలితే చాలు పుప్పొడి రాలుతుంది. గాలి తగలని బాల్కనీల్లో పూత అంతా రాలిపోతోందంటే ముందు ఇది చేసి చూడండి. రాత్రిళ్లు కూడా బాగా వేడిగా ఉండే రోజుల్లో మాత్రం ఎంత తట్టినా పూత నిలవడం కష్టం, ఆ రోజులు గడవాల్సిందే.

కోతకి బద్ధకించొద్దు. బెండ పువ్వు పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది, అక్కడి నుంచి ఐదారు రోజుల్లో కాయ కోతకి వస్తుంది, రెండు రోజులు ఆలస్యమైతే పీచు. కొన విరిచి చూడండి, టక్కున విరగాలి. మొక్క మీద ఒక్క కాయ ముదిరి గింజ పట్టినా మొక్క బలమంతా అటు పోయి కొత్త పూత తగ్గుతుంది, బెండకే కాదు, చిక్కుడుకీ దోసకీ అంతే. కోసేటప్పుడు లాగకుండా కత్తెరతో ముచ్చిక దగ్గర కత్తిరించండి.

ఆకుకూరల్ని ఒకేసారి చల్లేసి ఒకేసారి కోసుకునే బదులు, పది రోజులకో కుండీలో చల్లుకుంటే ఎప్పుడూ ఏదో ఒకటి కోతలో ఉంటుంది. విత్తనం దాని మందానికి రెండు మూడు రెట్ల లోతులో పడితే చాలు, తోటకూర లాంటి సన్న గింజల మీద మట్టి రాలీ రాలనట్టు చల్లండి. ధనియాలు నలిపి రెండు బద్దలు చేసి వేయాలి, మొలవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది కాబట్టి కంగారుపడి తవ్వి చూడకండి. ఓపిక లేనివాళ్లు మెంతులతో మొదలుపెట్టండి. మూడో రోజో నాలుగో రోజో పొద్దున వంగి చూస్తే పైన గట్టిపడిన మట్టి పెచ్చు బీటలిచ్చి, దాని కింద మెడలు వంచుకుని మొలకలు ఆ పెచ్చును మోస్తుంటాయి, కొన్నిటి తల మీద గింజ తొక్క ఇంకా టోపీలా అంటుకునే ఉంటుంది. దాన్ని గోటితో లాగొద్దు, నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే అదే జారిపోతుంది.

సాయంత్రం సొర పందిరి దగ్గర ఇంకో పని ఉంటుంది. మొదటి పది, పదిహేను రోజులు పూసేవన్నీ దాదాపు మగ పువ్వులే, వాటికి కాయలు రావడం లేదని దిగులు పడొద్దు. ఆడ పువ్వు గుర్తు సులువు, పువ్వు కింద వేలెడు కూడా లేని పిందె ముందే ఉంటుంది, మగ పువ్వుకి సన్నటి కాడ మాత్రమే. పిందె నాలుగు రోజులకే పసుపెక్కి రాలిపోతోందంటే చాలాసార్లు పుప్పొడి అందకపోవడమే కారణం. సొర పువ్వులు పొద్దు గూకే వేళ విచ్చుకుంటాయి, బీర కూడా సాయంత్రమే, దోస, కాకర, గుమ్మడి మాత్రం పొద్దున్నే. అందుకే పొద్దున పూట తిరిగే తేనెటీగల్ని నమ్ముకుంటే సొరకి కాపు సరిగా రాదు.

అప్పుడే విచ్చిన మగ పువ్వును కాడతో సహా తుంచి, తెల్ల రెక్కలు వెనక్కి వంచండి. మధ్యలో ఉన్న దిమ్మను వేలికి రాసుకుంటే పసుపు పొడి అంటాలి, అంటకపోతే ఇంకో పువ్వు తీసుకోండి. దాన్ని ఆడ పువ్వు మధ్యలో ఉండే బొడిపెలకు అన్ని వైపులా మెల్లగా తాకించండి, రుద్దక్కర్లేదు. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పువ్వులకు వస్తుంది. మర్నాటికి ఆ పువ్వు వాడిపోతుంది, పిందెలో పెద్ద మార్పేమీ కనిపించదు. మూడో రోజో నాలుగో రోజో చూడండి, పిందె మీద నూగు మెరుస్తూ, రంగు తేరి, ముచ్చిక లావెక్కి, కాయ బరువుకి మెడ కిందికి తిరిగి ఉంటుంది. ఇక అది రాలదు, ఆ రోజే పందిరికి దాని పక్కన ఇంకో తాడు కట్టేయండి.