చట్టం ముసాయిదా రాద్దాం – 4వ పాఠం: చిత్రహింసకు నిర్వచనం

క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి చిత్రహింస మీద రాష్ట్ర శాసనసభ కూడా చట్టం చేయొచ్చని, కేంద్ర చట్టంతో పొసగని చోట రాజ్యాంగం 254(2) అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదం కావాలని గత పాఠంలో చూశాం. ఇక నిర్వచనం రాద్దాం.

ముందు, ఉన్న సెక్షన్ ఎంతవరకు పనికొస్తుందో చూడాలి. నేరం ఒప్పించడానికో, సమాచారం రాబట్టడానికో, సొత్తు కక్కించడానికో గాయపరిస్తే ఏడేళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ల వరకు జైలు అంటుంది భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ (పాత ఐపీసీ 330, 331). చదివితే ఇది చాలనిపిస్తుంది.

ఈ కేసు దానికి పెట్టి చూడండి. స్టేషన్‌లో ఒక మనిషిని రెండు రాత్రులు నిలబెట్టే ఉంచారు. కునుకు తీస్తే నీళ్లు కొట్టి లేపారు. ‘నీ భార్యనీ తీసుకొస్తాం’ అన్నారు. ఒంటి మీద దెబ్బ లేదు, డాక్టర్ రాయడానికి గాయం లేదు. 120 ఒంటి నొప్పి చుట్టూ అల్లిన సెక్షన్. మనసు పడే నరకం దానికి అందదు. పైగా ఏమీ అడగకుండా, కేవలం ‘బుద్ధి చెప్పడానికి’ కొట్టినా అందదు.

2010లో లోక్‌సభ ఆమోదించిన చిత్రహింస నిరోధక బిల్లూ ఇక్కడే తడబడింది. తీవ్ర గాయమో, ప్రాణానికో ఆరోగ్యానికో ప్రమాదమో ఉండాలంది. ఆరు నెలల్లోపు ఫిర్యాదు చేయాలంది. లాకప్‌లో నలిగినవాడు ఆరు నెలల్లో అదే స్టేషన్ మీద ఫిర్యాదుకు తెగిస్తాడని ఎలా అనుకున్నారో!

1984 నాటి ఐక్యరాజ్యసమితి చిత్రహింస వ్యతిరేక ఒడంబడిక మెరుగైన నమూనా. మన దేశం 1997లో సంతకం చేసింది, ధ్రువీకరించలేదు. దాని ఆధారంగా మన ముసాయిదా:

‘సమాచారం రాబట్టడం, నేరం ఒప్పించడం, శిక్షించడం, భయపెట్టడం వంటి ఉద్దేశంతో గానీ, వివక్షతో గానీ, ఒక వ్యక్తికి శారీరకమైన లేదా మానసికమైన తీవ్ర బాధను కావాలని కలిగించిన, మరొకరితో కలిగింపజేసిన, లేదా తెలిసీ ఊరుకున్న ప్రభుత్వ ఉద్యోగి చిత్రహింస నేరం చేసినట్టు.’

‘వంటి’ అనే మాట కొట్టేయకండి. అది లేకపోతే జాబితాలో లేని ఉద్దేశం చూపించి డిఫెన్స్ లాయర్ బయటపడతాడు.

అభ్యాసం: ఎస్సై వరండాలో టీ తాగుతున్నాడు. లోపల ఫిర్యాదుదారు మనుషులే అనుమానితుణ్ణి బాదుతున్నారు, అరుపులు బయటికి వినిపిస్తున్నాయి. ఎస్సైని పట్టుకునే మాట పై ముసాయిదాలో ఏది? ఆ మాట తీసేసి సెక్షన్ మళ్లీ రాసి, కేసు నిలుస్తుందో లేదో చూడండి. 5వ పాఠంలో విచారణకు ప్రభుత్వ అనుమతి అడిగే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 218వ సెక్షన్ సంగతి.