ఊరి నుండి తెచ్చిన కార్డ్‌లెస్ ఫోన్‌ను అమెరికాలో ప్లగ్గులో పెట్టకండి

గత శనివారం నెల్లూరు నుండి కొత్తగా వచ్చిన ఒక తమ్ముడికి సామాను సర్దడంలో సాయం చేద్దామని వెళ్ళినప్పుడు, ఆవకాయ డబ్బాల మధ్య నుండి ఒక కార్డ్‌లెస్ ఫోన్ బయటపడింది. "అమ్మ కొనిచ్చిందన్నా, సీలు కూడా విప్పలేదు" అంటూ, నేను వారించేలోపే దాని బేస్‌ను, అంటే ఫోన్‌ను నిలబెట్టే భాగాన్ని, గోడ ప్లగ్గుకు తగిలించాడు. బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు సంగతులు మీకు ఎవరైనా చెబుతారు కాబట్టి, ఎవరూ చెప్పని ఈ ఒక్క విషయమే నేను రాస్తున్నాను.

మన దేశంలో అమ్మే డెక్ట్ (డిజిటల్ కార్డ్‌లెస్ ఫోన్ల ప్రమాణం) రకం కార్డ్‌లెస్ ఫోన్లు 1880 నుండి 1900 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. అమెరికాలో 1850 నుండి 1910 వరకు ఉన్న భాగం, మొబైల్ ఫోన్ల నుండి టవరుకు మాట చేరే దారి. దూరాన ఉన్న ఫోన్ల నుండి వచ్చే అతి బలహీనమైన సంకేతాన్ని టవరు పట్టుకోవాలి. మన బేస్ సరిగ్గా ఆ దారిలోనే, మనం మాట్లాడుతున్నా మాట్లాడకపోయినా, సాధారణంగా రాత్రింబవళ్ళు సంకేతం పంపుతూ ఉంటుంది. అందుకే ఇక్కడి సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అటువంటి ఫోన్ల వాడకాన్ని అనుమతించదు. "పనిచేస్తోంది కదన్నా" అని దయచేసి నాతో అనకండి, అది పనిచేయడమే ఇక్కడ సమస్య.

నేను వచ్చిన మొదటి మూడు నెలలూ ఈ తప్పే చేశాను. పక్కింటి పెద్దావిడ సాయంత్రాలు తన మొబైల్ తెగిపోతోందని బాధపడితే సానుభూతి చూపానే గాని, కారణం మా గదిలోనే ఉండవచ్చునని ఊహించలేదు. చివరికి ఒక మొబైల్ కంపెనీ మనిషి చేతిలో యాంటెన్నా పట్టుకుని, వరండా వెంట నడుచుకుంటూ వచ్చి మా తలుపు తట్టాడు. అవసరంలో ఆమె ఫోన్ కలవకపోయి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు.

కాబట్టి ఏ ఫోన్ కొన్నా, పెట్టె మీది బొమ్మ కాదు, బేస్ అడుగున ఉన్న లేబుల్ చూడండి. దాని మీద ఎఫ్‌సీసీ ఐడీ, అంటే ఆ సంస్థ ఆమోదాన్ని తెలిపే గుర్తింపు సంఖ్య, ఉండాలి. ఇక్కడి కార్డ్‌లెస్ ఫోన్ల మీద కనిపించే "డెక్ట్ 6.0" అన్నది వ్యాపార నామమే గాని ఆరు గిగాహెర్ట్జ్ అని అర్థం కాదు, అవి 1920 నుండి 1930 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. గదిలో మొబైల్ సిగ్నల్ లేదని దాన్ని పెంచే బూస్టర్ కొనేవారు, ఎఫ్‌సీసీ ఆమోదించినదాన్నే కొని, పెట్టేముందు మీ మొబైల్ కంపెనీ వద్ద నమోదు చేయించాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఇక్కడి డెక్ట్ 6.0 ఫోన్‌ను ముచ్చటపడి విజయవాడలోని అమ్మానాన్నలకు పంపకండి. మన దేశంలో 2100 మెగాహెర్ట్జ్ మొబైల్ బ్యాండులో మొబైల్ నుండి టవరుకు వెళ్ళే దారి 1920 దగ్గరే మొదలవుతుంది. ఇక్కడ మనం చేసిన హానినే అక్కడ వారి చేత చేయించినవాళ్ళమవుతాము.

తీగ ఫోన్‌లో దగ్గరి రేడియో స్టేషన్ మాటలు వినిపిస్తే, అది మీ తప్పు కాదు. లైనుకు ఒక ఫిల్టర్ తగిలించండి. కార్డ్‌లెస్ ఫోన్‌కూ వైఫైకీ పొసగకపోతే రెంటినీ దూరంగా జరపండి. లైసెన్సు లేకుండా వాడే చిన్న రేడియో పరికరాలకు ఎఫ్‌సీసీ పెట్టిన పార్ట్ 15 నిబంధన ప్రకారం ఇటువంటి పరికరం ఇతరులకు హానికరమైన అంతరాయం కలిగించకూడదు, తనకు కలిగేదాన్ని భరించాలి.

ఇప్పటికే తగిలించినవారు భయపడుతూ నాకు ఫోన్ చేస్తున్నారు కాబట్టి ఇదీ చెబుతున్నాను. అంతరాయం కలుగుతోందని ఎఫ్‌సీసీ తెలియజేస్తే వెంటనే ఆపాలన్నది నియమం; మీరు ఎవరూ చెప్పకముందే ఈ సాయంత్రం ప్లగ్గు తీసేస్తే అంతరాయం అక్కడితో ఆగిపోతుంది. ఆనాడు మా ఇంటికి వచ్చినతను కూడా నా చేత ఫోన్ ఆపించి, తన మీటరులో మరోసారి చూసుకుని, కృతజ్ఞతలు చెప్పి వెళ్ళిపోయాడు. ఈ తమ్ముడి ఫోన్‌ను సంక్రాంతికి ఊరెళ్ళే స్నేహితుడి పెట్టెలో పెట్టి పంపుతున్నాము. నెల్లూరులో వాళ్ళమ్మగారి హాల్లో అది నిక్షేపంగా పనిచేస్తుంది.